సూర్యలంకకు తాబేళ్ల కాలంలో వెళ్లేవాళ్లకు

గుంటూరులో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పుట్టిల్లు బాపట్ల కావడంతో సూర్యలంక తీరం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. సంక్రాంతి దాటిందంటే చాలు, బంధువులు, పాత విద్యార్థులు, ఆ విద్యార్థుల స్నేహితులు ఫోను చేసి ఒకటే ప్రశ్న వేస్తారు: "టీచర్ గారూ, తాబేళ్లను చూడాలంటే ఏ రోజు వెళ్లాలి?" రోజు చెప్పడం నా వల్ల కాదు. తాబేలు ఎవరికీ అపాయింట్‌మెంటు ఇవ్వదు. ఎప్పుడు బయలుదేరితే అవకాశం ఎక్కువో, అక్కడికి వెళ్లాక ఎలా మసలుకోవాలో మాత్రం చెప్పగలను. విజయవాడ వాళ్లకూ గుంటూరు వాళ్లకూ కలిపి ఆ ఫోన్లన్నిటికీ ఇదే నా జవాబు.

ముందుగా ఒక సంగతి. ఈ తీరంలో రాత్రిళ్లు ఇసుకలో నడిచి గుడ్లను వెతికేది మత్స్యకారులే. అటవీశాఖ పెట్టే హేచరీలకు (గుడ్లను భద్రంగా ఇసుకలో పొదగనిచ్చే కంచెలకు) సీజనంతా కాపలా ఉండేది కూడా ఎక్కువగా వాళ్ల పాలేల, అంటే తీరపు పల్లెల మనుషులే. వలలో పడిన తాబేలును వదిలిపెట్టాలా వద్దా అని నిర్ణయించేదీ వాళ్లే. కాబట్టి మీ ప్రయాణాన్ని రిసార్టు కౌంటరు దగ్గర కాక పాలెంలో మొదలుపెట్టండి. మిగతావన్నీ దాని తరవాతే.

ఎప్పుడు, ఎలా

మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఎక్కువగా ఆలివ్ రిడ్లే తాబేలు. డిప్ప రెండడుగుల పైచిలుకు పొడవు, బరువు 35 నుంచి 50 కిలోల దాకా ఉంటుంది. డిసెంబరు ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా తల్లులు ఒడ్డెక్కుతాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాక ఎక్కువ. ఒక్కో తల్లి నిమ్మకాయంత తెల్లటి గుడ్లు వంద, నూటపాతిక పెట్టి వెళ్లిపోతుంది. పొదిగే పని ఇసుక వేడిది. అందుకు 45 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే ఫిబ్రవరి ఆఖరులో పిల్లలు బయటికి రావడం మొదలై, ఏప్రిల్, మే నెలల దాకా సాగుతుంది.

తల్లిని చూడాలనుకుంటున్నారా, పిల్లల్నా అన్నది బయలుదేరే ముందే తేల్చుకోండి. తల్లి కనబడాలంటే ఓపికతో పాటు అదృష్టం కూడా ఉండాలి. పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూడడానికి ఓపిక చాలు. బడి పిల్లలతో వెళ్లేవాళ్లు మార్చి నెలను ఎంచుకోండి. పరీక్షలంటారు, నాకు తెలుసు. ఒక్క రాత్రికి ఏమీ కాదని టీచరునైన నేనే చెబుతున్నాను.

ఒడిశాలో గహిర్‌మాత, ఋషికుల్య తీరాల్లో కొద్ది రోజుల వ్యవధిలో లక్షల తాబేళ్లు ఒక్కసారిగా ఒడ్డెక్కే వీడియోలు చూసి ఇక్కడికి వస్తే నిరాశ తప్పదు. మన దగ్గర ఒకటీ అరా వస్తాయి. ఇన్ని కిలోమీటర్ల ఇసుకలో ఎక్కడ ఎక్కుతాయో ఎవరూ చెప్పలేరు. "ఖాయంగా చూపిస్తాం" అని డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దు. అంతకంటే ముఖ్యం, వాళ్లకు డబ్బు ఇవ్వొద్దు. చూపించి తీరాలన్న తొందరలో గూడు తవ్వడానికీ, పిల్లల్ని బుట్టలో దాచడానికీ వెనకాడని మనుషులు ఎక్కడైనా ఉంటారు. ఇచ్చే చేయి లేకపోతే తవ్వే చేయి ఉండదు.

శని, ఆదివారాలు వదిలేయండి. మాఘ పౌర్ణమి చుట్టుపక్కల రోజులు కూడా. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో కాలు పెట్టడానికి చోటు ఉండదు గాని అప్పటికి గుడ్ల కాలం రాదు కాబట్టి తాబేళ్లకు ఇబ్బంది తక్కువ. మాఘ పౌర్ణమి అలా కాదు, సరిగ్గా గుడ్ల కాలంలో పడుతుంది. హంసలదీవి సంగమంలో, ఇతర రేవుల్లో స్నానాలకు జనం పోటెత్తుతారు. పుణ్యం కోసమైతే ఆ రోజే వెళ్లండి, తాబేళ్ల కోసమైతే ఆ వారం వద్దు. మంగళ, బుధవారాలు అన్నిటికంటే మేలు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విజయవాడ నుంచి చెన్నై వైపు వెళ్లే రైళ్లు తెనాలి, నిడుబ్రోలు దాటి బాపట్ల మీదుగా వెళతాయి. అన్నీ ఆగవు, టికెట్టు తీసుకునే ముందు చూసుకోండి. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా రోడ్డున సుమారు 50 కిలోమీటర్లు. బాపట్ల నుంచి తీరం మరో తొమ్మిది. దారిలో పొన్నూరులోనూ, తరవాత బాపట్లలోనూ భావనారాయణస్వామి గుళ్లున్నాయి. అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లే కోడళ్లకు ఈ దారి బాగా కలిసొస్తుంది.

సాయంత్రం నాలుగు గంటల లోపు తీరానికి చేరండి. వెలుతురు ఉండగా ఒడ్డును ఒకసారి చూసుకోవాలి, మనుషులను కలుసుకోవాలి. బాపట్లలో దిగగానే అక్కడి అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి హేచరీ ఎక్కడ పెట్టారో, పిల్లల్ని ఏ పూట వదులుతున్నారో, చూడడానికి రావచ్చో లేదో కనుక్కోండి. హేచరీ చోటు ఏటా ఒకటే ఉంటుందని అనుకోవద్దు. సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది, అందుచేత డ్రోను ఇంట్లోనే వదిలి వెళ్లండి.

గది తీసుకునేటప్పుడు

అందరూ సముద్రానికి ఎదురుగా ఉండే గది కావాలంటారు. ఇవ్వడానికి రిసార్టులకూ అభ్యంతరం లేదు. మీరు మాత్రం ఒక ప్రశ్న అడగండి: "రాత్రి తొమ్మిది తరవాత సముద్రం వైపు దీపాలు ఆర్పుతారా?" అడిగితే మొదట విచిత్రంగా చూస్తారు. నలుగురు అడిగితే అలవాటు పడతారు. నేను ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాను. ఇప్పుడు నన్ను చూడగానే ఒకచోట తోటమాలి తనంతట తానే స్విచ్చు దగ్గరికి వెళతాడు.

ఎందుకు అడగాలో చెబుతాను. ఇసుకలోంచి బయటపడిన తాబేలు పిల్లకు సముద్రం ఎటుందో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. చీకటి రాత్రి తీరంలో అన్నిటికంటే వెలుతురుగా కనిపించేది సముద్రం పైనున్న ఆకాశపు అంచు. వెనక ఇసుక దిబ్బలూ చెట్లూ నల్లగా ఉంటాయి. పిల్ల నల్లటి వైపు వదిలి వెలుతురు వైపు నడుస్తుంది. కోట్ల ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు. మనం వచ్చి చెట్ల వైపు హాలోజన్ దీపాలు పెట్టాం. పిల్లలు వాటి వైపు నడిచి పార్కింగులో టైర్ల కింద పడతాయి, కాలువల్లో పడతాయి, కుక్కల నోట్లో పడతాయి. తెల్లవారే దాకా దారి దొరక్కపోతే ఎండకు ఎండిపోతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. తల్లి కూడా ఒడ్డున వెలుతురు, మనుషుల అలికిడి కనిపిస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది.

కాబట్టి మీ గది పరదాలు దగ్గరగా వేయండి, వరండా దీపం ఆర్పండి. ఇసుక మీద చలిమంట వేస్తామంటే వద్దనండి. పుట్టినరోజు పార్టీకి స్పీకర్లు పెట్టాలనుకునే వాళ్లకు మన జిల్లాల్లో ఫంక్షను హాళ్లు కావలసినన్ని ఉన్నాయి, అక్కడ పెట్టుకోవచ్చు. జీపులు, బైకులు ఇసుక మీదికి తీసుకువెళ్లడం అన్నిటికంటే చెడ్డ పని. బరువుకు గూళ్లు నలిగిపోవడం ఒక ఎత్తు, టైర్లు చేసే గాడి మరో ఎత్తు. రెండంగుళాలైనా లేని పిల్ల ఆ గాడిలోకి దిగితే పైకి ఎక్కలేక దాని వెంటే పోతూ ఉంటుంది. పెంపుడు కుక్కను తీసుకువెళ్లొద్దు. అన్నం మిగిలిందని ఊరకుక్కలకు తీరంలో పెట్టొద్దు కూడా. అక్కడ తిండి అలవాటైన కుక్క గూళ్లను వాసన పట్టి తవ్వుతుంది.

ఇంటి నుంచి తీసుకువెళ్లాల్సినవి తక్కువే. టార్చికి కట్టడానికి ఎర్రటి పారదర్శక కాగితం (బహుమతులకు చుట్టేది చాలు), ముదురు రంగు దుస్తులు, మందం చెప్పులు, తాగునీటికి స్టీలు సీసా, చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఒక గుడ్డ సంచి. ప్లాస్టిక్ కవర్లను నీళ్లలో జెల్లీ చేపలనుకుని తాబేళ్లు మింగుతాయి. చిప్స్ ప్యాకెట్టు గాలికి పోయిందంటే అది సముద్రంలోకే పోతుంది.

పాలెంలో సాయంత్రం

సామాను గదిలో పెట్టి, టీ తాగి, పాలెం వైపు నడవండి. వలలు ఆరబెట్టిన చోట, ఎండు చేపలు పరిచిన చోట అడ్డంగా నడవొద్దు. వలను చెప్పు కాలితో దాటడం అక్కడి పెద్దవాళ్లకు నచ్చదు. వల వాళ్ల అన్నం. ఫొటో తీసే ముందు అడగండి. అడిగితే చాలామంది కాదనరు, కొందరు జుట్టు దువ్వుకుని వస్తారు కూడా.

వీలైతే అలివి వల లాగడం చూడండి. పడవ మీద వలను అర్ధచంద్రాకారంగా నీళ్లలో వదిలి, రెండు చివరల తాళ్లను ఒడ్డు నుంచి ఇరవై ముప్పైమంది లాగుతారు. ఆడవాళ్లూ చేయి వేస్తారు. మీరు వేస్తామన్నా వద్దనరు, కాకపోతే అరచేతులు బొబ్బలెక్కుతాయి. వల ఒడ్డుకు వచ్చాక సావిడాయలు, కవళ్లు, కానాగంతలు, పీతలు గుట్టగా పడతాయి. అప్పుడప్పుడు మధ్యలో ఒక తాబేలు కూడా. ఒడ్డు వల గంట రెండు గంటల్లో బయటికి వస్తుంది, తాబేలు పైకి తేలి ఊపిరి పీల్చుకోవడానికి వీలుంటుంది కాబట్టి ప్రాణంతోనే ఉంటుంది. నేను చూసినప్పుడల్లా వాళ్లు దాన్ని పక్కకు తీసి, డిప్పకు దండం పెట్టి, నీళ్లలోకి నెట్టారు. కూర్మావతారం కదా. ఒకప్పుడు ఈ తీరంలోనే గుడ్లు తవ్వి తినేవాళ్లని ఆ పెద్దవాళ్లే ఏమీ దాచకుండా చెబుతారు. ఇప్పుడు తాబేలు, దాని గుడ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పట్టుబడితే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. అయితే మనుషులు మారింది జైలు భయంతోనే అని నేను అనుకోను. హేచరీ కాపలాకు ఊరి కుర్రవాళ్లనే పెట్టాక, గుడ్లు ఎక్కడున్నాయో తెలిసినవాడికి గౌరవమూ కొంత కూలీ వచ్చాక, తవ్వడానికి మొహమాటం మొదలైంది.

మరి ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లు? జనవరి, ఫిబ్రవరి నెలల్లో అవి మీ కంటబడతాయి, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. తాబేలు చేప కాదు, ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. మరబోట్లు ట్రాలు వలను నీటి అడుగున గంటల తరబడి లాగుతాయి. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. దీనికి విరుగుడు ఎప్పుడో దొరికింది. టెడ్ అని పిలిచే ఇనుప చట్రాన్ని వల లోపల ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలు, చేపలు చట్రం సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పక్కనే ఉంచిన ద్వారంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దాన్ని తయారుచేసింది కూడా. బిగిస్తే పట్టులో కొంత జారిపోతుందని బోటు యజమానుల భయం. ఈ విషయంలో చిన్న పడవల వాళ్లు తాబేలు పక్షమే. ఒడ్డుకు దగ్గరగా వచ్చి అడుగంతా ఊడ్చుకుపోయే పెద్ద బోట్లు తమ వలలనూ తెంపుతాయని వాళ్ల కోపం. "తాబేలుకు నోరు లేదు, మాకు ఉన్నా వినేవాళ్లు లేరు" అని ఒక పెద్దాయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది.

చేపలు కొనాలనుకుంటే ఉదయం పడవలు రాగానే ఒడ్డున ఆడవాళ్ల దగ్గర కొనండి. ధర అడగండి, ఒకసారి తగ్గించమనండి, తరవాత ఊరుకోండి. మా ఆడపడుచు ఒకసారి ఆగకుండా బేరం ఆడుతుంటే బుట్ట ముందున్న ఆవిడ నవ్వుతూనే అంది: "తాబేలును చూడడానికి వేలు ఖర్చు పెట్టుకుని వచ్చారు కదమ్మా, దాన్ని కాపాడిన వాళ్ల దగ్గర పది రూపాయలు తగ్గించమంటారేమిటి?" ఆ పూట ఆవిడ అడిగినంతా ఇచ్చి వచ్చాం. వేలెడంత కూడా లేని చందువాలు, వంజరం పిల్లలు ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. అవి ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రానివి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఆ రోజుల్లో హోటలు బల్ల మీదికి వచ్చే పెద్ద వంజరం ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి అడగండి. చెరువు రొయ్యలు, ఐసులో ఉన్నవి అని నిజం చెప్పే హోటలులో తినండి.

సముద్ర స్నానం గురించి ఒక్క మాట. సూర్యలంక ఒడ్డు చూడడానికి చదునుగా, సాధువుగా ఉంటుంది, కానీ లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. హెచ్చరిక జెండా దాటి వెళ్లొద్దు, చీకటి పడ్డాక అసలు దిగొద్దు. లాగేస్తున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి.

రాత్రి

రాత్రి తీరంలో మీ అంతట మీరు తిరగొద్దు. అటవీశాఖ సిబ్బందితోనో, వాళ్ల కాపలాదారులతోనో, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి. రమ్మనకపోతే పడుకోండి. గుంపు అయిదారుగురికి మించకూడదు. టార్చి ఆర్పి నడవండి. పావుగంటలో కళ్లు చీకటికి అలవాటు పడతాయి, ఆ తరవాత నక్షత్రాల వెలుతురే చాలు. ఎర్ర కాగితం కట్టిన టార్చి కూడా కాపలాదారు చెప్పినప్పుడు నేల వైపు మాత్రమే. ఫోను తెర వెలుతురు కూడా వెలుతురే, జేబులో పెట్టండి.

వెతకాల్సింది తాబేలును కాదు, దాని జాడను. నీళ్ల నుంచి పైకి ఇసుకలో రెండున్నర అడుగుల వెడల్పున ఒరుసుకుపోయిన గుర్తు ఉంటుంది. దానికి రెండు పక్కలా తెడ్డు కాళ్ల గుర్తులు ఒకదాని తరవాత ఒకటి పడి ఉంటే అది రిడ్లే. ఎడమ కాలు, కుడి కాలు మార్చి మార్చి వేస్తుంది కనక గుర్తులు జంటగా పడవు. ఒకే జాడ పైకి వెళ్లి తిరిగి రాకపోతే తాబేలు ఇంకా పైన ఉందన్నమాట. అక్కడే ఆగిపోండి, కూర్చోండి.

ఒడ్డెక్కేటప్పుడూ, గుంట తవ్వేటప్పుడూ అది చిన్న కదలికకు కూడా బెదురుతుంది. వెనక కాళ్లతో ఒకటిన్నర అడుగుల లోతున, పైన మెడలా సన్నగా, కింద వెడల్పుగా గుంట తీస్తుంది. చూడకుండా, కాళ్లతో తడుముతూ, ఎంత శుభ్రంగా తీస్తుందో! గుడ్లు పెట్టడం మొదలయ్యాక మాత్రం చుట్టూ ఏం జరుగుతున్నా పెద్దగా పట్టించుకోదు. అప్పుడు కాపలాదారు సైగ చేస్తే వెనక వైపు నుంచి, తల కనబడని చోటికి వెళ్లి చూడొచ్చు. ముందుకు వెళ్లొద్దు, డిప్ప మీద చేయి వేయొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. కళ్లలోంచి జిగట నీరు కారుతుంది. "పాపం, ప్రసవ వేదనతో ఏడుస్తోంది" అని పక్కనున్నవాళ్లు తప్పకుండా అంటారు. తాగిన సముద్రపు నీటిలో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథుల ద్వారా బయటికి పంపుతోంది, అంతే. ఈ మాట అక్కడ గుసగుసగా చెప్పండి, పాఠంలా చెప్పొద్దు. నాకే ఒక కాపలాదారు వేలు నోటి మీద పెట్టి సైగ చేశాడు.

గుంట పూడ్చాక రిడ్లే ఒక పని చేస్తుంది. శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ డిప్ప అడుగుతో ఇసుకను దిమ్మిస మాదిరి కొట్టి గట్టిపరుస్తుంది. నిశ్శబ్దంలో ఆ ధబధబ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. మొత్తం గంట లోపే ముగిసిపోతుంది. అది నీళ్ల వైపు తిరిగినప్పుడు దారికి అడ్డం రావొద్దు.

గుడ్లను హేచరీకి మార్చడం కాపలాదారుల పని. పెట్టిన కొద్ది గంటల్లోపే, పక్కకు తిప్పకుండా తీయాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. కాబట్టి మీకు ఉదయం నడకలో గూడు కనిపిస్తే తవ్వి చూడొద్దు, సాయం చేద్దామని మార్చొద్దు. ఆ చోటు గుర్తుపెట్టుకుని చెప్పండి.

హేచరీలో

హేచరీ అంటే పెద్ద భవనం ఊహించుకుని వెళ్లొద్దు. అలలు అందని ఎత్తున వల కంచె, పైన నీడ, లోపల వరసల్లో గూళ్లు, ఒక్కో గూటి దగ్గర గుడ్లు పెట్టిన తేదీ, సంఖ్య రాసిన పలక. అంతే ఉంటుంది. కాపలాదారును మాట్లాడించండి. మా పిల్లలు పుస్తకంలో చదివిందంతా అతను చేత్తో చూపిస్తాడు. ఇసుక వేడి 29, 30 డిగ్రీల దగ్గర ఉంటే మగవీ ఆడవీ కలిసి పుడతాయి. చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడెక్కితే ఆడవి ఎక్కువ. పైన నీడ వేసేది దీనికే. ఏప్రిల్ ఎండల్లో ఆలస్యంగా పెట్టిన గూళ్ల మీద వాళ్లకు ప్రత్యేకంగా బెంగ.

పిల్లలు రాబోతున్నాయనడానికి గుర్తు గూటి మీద ఇసుక కొద్దిగా కుంగడం. లోపల పెంకులు పగిలి పిల్లలు పైకి ఎగబాకుతుంటే పైనున్న ఇసుక కిందికి జారుతుంది. ఇసుక చల్లబడ్డాక, రాత్రో తెల్లవారుజామునో అన్నీ కలిసి బయటపడతాయి. వదిలేది కూడా ఎండ ఎక్కకముందో, పొద్దు వాలాకో. "మేము పదకొండుకు వస్తాం, అప్పటిదాకా ఉంచండి" అని ఫోను చేసే పెద్దమనుషులు ఉంటారు. అలా ఉంచమని మీరెప్పుడూ అడగొద్దు. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొనే దాని దారి బత్తెం. మొదటి ఒకటి రెండు రోజులు ఆగకుండా ఈది లోతు నీళ్లకు చేరడానికి అదే బలం. తొట్టిలో తిప్పుతూ ఉంచితే ఆ బలమంతా తొట్టిలోనే ఖర్చయిపోతుంది.

వదిలేటప్పుడు నీళ్లలో వేయరు, కొన్ని గజాల ముందే తడి ఇసుక మీద దింపుతారు. ఆ నడక దానికి అవసరం. పెద్దయ్యాక ఆడ తాబేళ్లు పుట్టిన ప్రాంతపు తీరాలకే తిరిగి వస్తాయి. ఆ గుర్తు ఈ మొదటి ప్రయాణంలోనే పడుతుందని శాస్త్రవేత్తల భావన. మీరు తాడు వెనక నిలబడండి, కాళ్లు కదపొద్దు. చీకట్లో ఒకటి మీ మడమ పక్కనే ఉండొచ్చు. ముందే ఆ ఇసుకలో నడిచి ఉంటే అరచేత్తో చదును చేయండి, మీ అడుగు గుంట దానికి పెద్ద గొయ్యి. చేతిలో పెట్టుకుని ఫొటో దిగుతామని పిల్లలు మారాం చేస్తారు, పెద్దలు అంతకంటే ఎక్కువ చేస్తారు. చట్టప్రకారం కుదరదని చెప్పండి, నిజం కూడా అదే. పెద్దదై గుడ్లు పెట్టే దాకా బతికేది వెయ్యింటిలో ఒకటి అంటారు. అందుకు పది, పదిహేనేళ్లు పడుతుంది.

మరునాడు తీరిక ఉంటే

గుంటూరు వాళ్లు వెనక్కి వస్తూ ఉప్పలపాడు చూడండి. ఊరి చెరువులో తుమ్మ చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మార్చి దాకా పిల్లలతో ఉంటాయి. ఊరివాళ్లు చెరువును పక్షులకు వదిలేసి సర్దుకున్నారు. చెరువు గట్టు మీద గట్టిగా మాట్లాడొద్దు.

విజయవాడ వాళ్లకు అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి, పాలకాయతిప్ప దగ్గర. ఆ చుట్టుపక్కల కృష్ణమ్మ పాయల మధ్య మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో ఉన్నాయి. విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. లోపలికి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి కావాలి. అక్కడ బావురుపిల్లి ఉంది, నీళ్లలో దిగి చేపలు పట్టుకునే పిల్లి. రాత్రిపూట తిరిగేది కాబట్టి మీకు కనబడదు, బురదలో అడుగులు కనబడితే సంతోషించండి. తిల్ల చెట్టు కొమ్మ విరవొద్దు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దివిసీమ పెద్దవాళ్లు ఎవరైనా పలకరిస్తే 1977 నవంబరు 19 ఉప్పెన గురించి అడగండి. మడ అడవి ఎందుకు కావాలో వాళ్లు చెప్పినంత బాగా నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

ఏదైనా కనబడితే

చచ్చిన తాబేలు: ముట్టుకోవద్దు. చోటు గుర్తుపెట్టి, ఒక ఫొటో తీసి అటవీశాఖకో, సూర్యలంకలోని మెరైన్ పోలీసులకో చెప్పండి. డిప్ప ఇంటికి తెచ్చుకోవడం నేరం.

వల ముక్కలో చుట్టుకుని బతికున్నది: మెడ, కాళ్ల చుట్టూ ఉన్న దారాలను మీరు బ్లేడుతో కోయొద్దు, చర్మం తెగుతుంది. దగ్గరలో ఉన్న మత్స్యకారుడిని పిలవండి, వల విప్పడం వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. ఎండలో ఉంటే తడి గుడ్డ డిప్ప మీద కప్పండి, ముక్కు మీద పడకుండా.

తెల్లవారాక రోడ్డు మీదో రిసార్టు మెట్ల కిందో తప్పిపోయిన పిల్లలు దొరికితే, ఆ ఎండలో వాటిని నీళ్లలో వదిలేసి ఫొటో పెట్టాలనిపిస్తుంది. వద్దు. బకెట్టులో అడుగున తడి ఇసుక వేసి, నీళ్లు పోయకుండా, వాటిని మెల్లగా దింపి, పైన గుడ్డ కప్పి నీడలో పెట్టండి. హేచరీకి కబురు పంపండి, సాయంత్రం వాళ్లే వచ్చి వదులుతారు. బకెట్టు లేకపోతే రిసార్టు వంటగదిలో అడగండి, ఇస్తారు. ఇచ్చేటప్పుడు ఆ పిల్లలు ఏ దీపం కింద దొరికాయో కూడా వాళ్లకు చూపించి రండి.